మాట అందించే శంకరవ్వ

బెల్టు మీద బొగ్గు సాగిపోతూనే ఉంది. శంకరవ్వ ఎడమ చేత్తో బొగ్గుపెళ్ళను తిప్పి చూసి, రాయి అయితే కుడి చేత్తో లాగి పక్క తొట్టిలో పడేస్తోంది. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ముక్కుకూ నోటికీ కట్టుకున్న గుడ్డ పైనుంచి కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. పొద్దుటినుంచీ ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. ఆమె పట్టించుకోలేదు.

"ఇయ్యాల కొత్త గుడిల ప్రార్థన గదనే?" ఎదుటి వరుసలోంచి బాలవ్వ అరిచింది. యంత్రాల హోరులో అక్కడ ఎవరైనా అరిచే మాట్లాడాలి.

"ఔ. కరీంనగర్ నుంచి పెద్దయ్యగారు వస్తుండు."

"జర పైలం! నువ్వు నోరు తెరిస్తే కొత్త స్లాబు పగుల్తది."

మామూలుగా అయితే శంకరవ్వ అంతకు రెండింతలు అనేది. ఇవాళ తల వంచుకుని రాళ్ళు ఏరింది.

నిన్న చర్చి సంఘపెద్ద ముత్తయ్య వాకిట్లోకి వచ్చి, మంచం వాల్చినా కూర్చోలేదు. "అక్కా, రేపు మైకు పెడ్తున్నం. పిల్లలు హార్మోనియం మీద పాడ్తరు. నువ్వు మాట అందియ్యకు. పెద్దోళ్ళ ముంగట మోటుగ ఉంటది" అన్నాడు.

"సరే తమ్మీ" అంది.

ఆ సంఘంలో సగానికి పైగా చదువు రానివాళ్ళే. అందుకని ఒకరు ప్రతి చరణాన్నీ ముందుగా గట్టిగా చెబితే, మిగతావాళ్ళు అందుకుని పాడతారు. ఇన్నేళ్ళూ ఆ మాట శంకరవ్వే అందించింది. ఆమె కూడా బడికి పోలేదు. నోటికి వచ్చిన పాటల మీద వేలు పెట్టి, ఈ గీత ఈ మాట అయి ఉండాలని పోల్చుకుంటూ, తనంతట తానే చదువు నేర్చుకుంది.

మొదట్లో ఆమె గొంతు ఇంత పెద్దది కాదు. ఒక వానాకాలం భర్త వెంకటి రెండో షిఫ్టుకు పోతూ, "పోయొస్తనే" అని గడపలో నిలబడ్డాడు. తడి కట్టెలు మండక, పొయ్యి ఊదుతూ ఆమె పలకలేదు. గనిలోకి దిగినవాడు మళ్ళీ పైకి రాలేదు. ఆయన పోయాక ఆమెకు ఈ పని ఇచ్చారు. అప్పటినుంచి ఎవరు పిలిచినా వాడ చివరిదాకా వినబడేటట్టు పలుకుతుంది. గుడిలో దేవుడికీ అట్లాగే పలికింది.

మూడు గంటలకు గని సైరన్ కూత వేయగానే ఇల్లు చేరి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లోని, వేలిగీతల్లోని నలుపు ఎప్పటిలాగే పోలేదు. తెల్లచీర కట్టుకుని, కొత్త గుడి పండుగ కోసమే అచ్చు వేయించిన చిన్న పాటల పుస్తకాన్ని రుమాలులో చుట్టుకుంది. తర్వాత, పక్కింటి భూమన్న చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ బయలుదేరింది. గనిలో చూపు పోయిన ఆ ముసలాయనను ప్రతి ప్రార్థనకూ ఆమే తీసుకుపోతుంది.

కొత్త గుడి సున్నం వాసన వేస్తోంది. పిల్లలు మైకు ముందు చక్కగా మొదలుపెట్టారు. పాత రాగమే, కానీ మాటలు కొత్తవి. వెనక చాపల మీద గని మనుషులు నోళ్ళు తెరిచి, ఏం పాడాలో తెలియక మూసుకున్నారు. మొదటి చరణం అయిపోయింది. నూటయాభై మంది ఉన్నచోట పది గొంతులే వినిపించాయి. శంకరవ్వ చీరకొంగును పళ్ళ మధ్య పెట్టుకుని గట్టిగా కరిచింది.

"శంకరవ్వా!" భూమన్న గుడ్డికళ్ళు పైకెత్తి పిలిచాడు. "ఉన్నవా, పోయినవా? మాట అందియ్యవేందే?"

ఆమె కొంగు వదిలేసింది.

"ఉన్న కాకా!"

హార్మోనియం ఆగింది. అందరూ తిరిగి చూశారు. ఆమె లేచి, పుస్తకం విప్పి, రెండో చరణం మీద బొటనవేలు ఆనించింది.

"అగాధమందున్న నన్ను చూచినావు!"

గుడి మొత్తం అందుకుంది. కిటికీ రెక్కలు అదిరాయి. పెద్దయ్యగారు ముందు ఉలిక్కిపడ్డారు, తర్వాత లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టారు. మూడో చరణం ఇంకా పెద్దగా వచ్చింది. చెమటతో మెరుస్తున్న ఆమె ముఖం ఎవరికీ తలవంచని ముఖంలా ఉంది.

మూడోది ముగియగానే ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. ఊపిరి అందక, ముత్తయ్య వైపు చెయ్యి ఊపింది. ముత్తయ్య ఒక్క క్షణం ఆగాడు. మైకు పక్కకు జరిపి, తన బొంగురు గొంతుతో నాలుగో చరణం తానే అందించాడు. ఆమె కళ్ళు మూసుకుని చిన్నగా నవ్వడం చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు.

దీవెన కోసం అందరూ లేచారు. షిఫ్టు చేసి వచ్చింది, అలసిపోయిందని ఆమెను ఎవరూ లేపలేదు.

జనం బయటికి నడిచారు. భూమన్న ఎప్పటిలాగే చెయ్యి చాపి నిలబడ్డాడు. "శంకరవ్వా, పోదమానే?"

మళ్ళీ పిలిచాడు. ఆమె పలకలేదు.

ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది. రెండో చరణం పక్కన, మూడో చరణం పక్కన బొటనవేలి నలుపు. నాలుగో చరణం పక్కన ఇంకా తెల్ల కాగితమే.