మేఘన నోట్‌బుక్కులో వెనక సగం

మేఘనను మట్టిలో పెట్టిన రోజే ఆమె నోట్‌బుక్కూ పోయింది. పెళ్ళికాని పిల్లలను పూడ్చడం ఆ ఇంటి ఆచారం. పోయినవాళ్ళకు ఇష్టమైన వస్తువొకటి పక్కన ఉంచడమూ ఆచారమే. తల్లి వసంతకుమారి లేవలేని స్థితిలో ఉంటే, తండ్రి మోహన్‌కృష్ణే లోపలికి వెళ్ళి నీలం అట్ట నోట్‌బుక్కు తెచ్చి కూతురి చేతి కింద పెట్టాడు. ఉదయగిరి హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా ఫిజిక్సు చెబుతున్న మనిషి, దాన్ని తెరిచి చూడలేదు.

అంతరిక్షంలో తిరిగే గ్రహశకలాల నుంచి లోహాలు తవ్వి అమ్మితే గిట్టుబాటవుతుందా అన్నది మేఘన డిగ్రీ ప్రాజెక్టు. ముందు సగంలో ఏ రాయి విలువెంతో రాసింది. ఆత్మకూరులో హోల్‌సేల్ కిరాణా నడిపే మేనమామ కోటిలింగం ఆ సగాన్ని ముచ్చటపడి జిరాక్సు తీయించుకున్నాడు. పోయి రావడానికి అయ్యే ఖర్చు వెనక సగం. అది జ్వరంలో రాసింది. ఎవరూ చదవలేదు.

మూడు నెలలకు వరికుంటపాడు వైపు గొర్రెలు కాసే పెంచలయ్య వచ్చాడు.

"మంద అమ్మేస్తా ఉండా సారూ. ఆత్మకూరు శెట్టిగారు ఆకాశంలో రాళ్ళకి షేర్లు ఇప్పిస్తా ఉండాడు. పాప రాసిన కాయితం చూపిచ్చినాడు. పాప అబద్ధం రాయదు గదా?"

మోహన్‌కృష్ణ మరునాడే ఆత్మకూరు బస్సెక్కాడు. కోటిలింగం కొట్లో దండ వేసిన మేఘన ఫోటో, దాని కింద లామినేషన్ చేసిన జిరాక్సు కాగితాలు.

"రా బావా. టీ చెప్పేదా?"

"వెనక సగం లేకుండా ఇది చూపిస్తావేంది కోటీ? అందులో ఖర్చు లెక్క ఉండాదని మేఘనే చెప్పింది."

"ఉంటే చూపించు. నేనేమన్నా మోసం చేస్తా ఉండానా? నేనే నాలుగు లక్షలు పెట్టినా, పిల్ల పేరు నిలబడాలని." కోటిలింగం ఫోటో మీది దండ సరిచేశాడు. "గుంటలో పెట్టింది నువ్వు గదా బావా. పో, తవ్వి తీసకరా."

అనేశాక అతడే తల దించుకుని, శుభ్రంగా ఉన్న తక్కెడ పళ్ళాన్ని తుడవసాగాడు. మోహన్‌కృష్ణ టీ తాగకుండా లేచాడు.

ఉదయగిరిలో బస్సు దిగి అటునుంచటే పెంచలయ్య మంద దగ్గరికి వెళ్ళాడు. జబ్బు పడకముందు మేఘన అక్కడికి స్కూటీ మీద వచ్చిందట.

"గొర్రెల్ని దూరం తోలకపోయేటప్పుడు ముందు ఏం చూసుకుంటావు తాతా అనింది. మేత కాదమ్మా, దారిలో నీళ్ళు అన్నా. నీళ్ళు లేకపోతే ఎంత మేతున్నా మంద తిరిగి రాదు. నవ్వి రాసుకునింది. అక్కడా అంతే తాతా, ముందు నీళ్ళే, తిరిగొచ్చేదానికి రాకెట్టు ఇంధనం ఆ నీళ్ళతోనే చెయ్యాల, లోహం తెచ్చి అమ్మేది నీ మనవడి కాలానికన్నా అవుద్దో లేదో అనింది."

"అది తెలిసీ మంద అమ్ముతావా పెంచలయ్యా?"

"కాయితంలో ఆ మాట లేదు గదా సారూ. పాప మళ్ళీ లెక్క చూసుకొని మనసు మార్చుకునిందేమో అనుకున్నా."



"అమ్మొద్దు. ఆ సగం నేను రాసిస్తా."

"శుక్రవారం సంత సారూ. మావోళ్ళు ఇంకా నలుగురు తోలకపోతా ఉండారు. నోటిమాట వాళ్ళు వినరు."

"శుక్రవారం లోపలే ఇస్తా."

ఇంటికొచ్చి తెల్లకాగితం తీశాడు. పైన 'ఖర్చులు' అని రాసి గీత కొట్టాడు. దాని కింద, ఒక అమెరికా అంతరిక్ష నౌక గ్రహశకలం దాకా ఏడేళ్ళు పోయి వచ్చి నూట ఇరవై గ్రాముల మట్టి తెచ్చిందని రాశాడు. చింతపండు పొట్లమంత కూడా కాదు. మేఘన ఉంటే ఆ మాటకు నవ్వేది. తర్వాత కలం కదల్లేదు. కింద మేఘన పేరు పెడితే అబద్ధం. తన పేరు పెడితే, దండ వేసిన ఫోటో ముందు ఆ కాగితాన్ని ఎవరు నమ్ముతారు?

గురువారం బడి విడిచిపెట్టాక పెంచలయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మోహన్‌కృష్ణ జేబులో కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది. దాని మీద ఒక్క వాక్యమే ఉంది. మిగతాది ఇంకా రాయలేదు.