గరాజ్‌లో చుట్టవాసన

చచ్చిపోయిన అమ్మమ్మ చుట్టవాసన చాండ్లర్‌లోని తన ఇంటి గరాజ్‌లో గుప్పుమంటోందని జయంతి ఎవరితో చెప్పుకుంటుంది? పైగా ఈవిడ నోటి క్యాన్సర్లు చూసే డాక్టరు. ఆసుపత్రిలో యాష్‌ట్రేలన్నీ పీకించి, గోడగోడకూ నో స్మోకింగ్ బోర్డు కొట్టించిన మనిషి. నడవాలో ఈవిడ కనబడితే నర్సులు సిగరెట్ ప్యాకెట్లు జేబుల్లోకి తోసేసేవారు. అంతటి మనిషికి దయ్యం భయం పట్టుకుందంటే నవ్విపోరూ?

వాసన మొదలైంది ఎనభై ఆరు జూన్‌లో. బయట నూట పన్నెండు ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండ. శనివారం మధ్యాహ్నం బట్టలు ఉతకడానికి వెళ్తే ముక్కుకు కొట్టింది. అది సిగరెట్ కంపు కాదు. నాటు పొగాకు, తడిసిన బూడిద కలిసిన వాసన. భీమిలి పక్క పల్లెలో అమ్మమ్మ పైడితల్లి పక్కలో పడుకున్నప్పటి వాసన.

"నాకేం స్మెల్ రావట్లేదే," అన్నాడు ఆమె భర్త గోపాల్. "నువ్వు నాచేత సిగరెట్స్ క్విట్ చేయించి మూడేళ్లయింది. ముక్కు మాత్రం ఇంకా పని చెయ్యట్లేదు."

పైడితల్లి అడ్డపొగ తాగేది. అంటే చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. ఆ తీరంలో ఆడవాళ్లకది మామూలే. గాలికి ఆరదు, నలుగురికీ నిప్పు కనబడదు. పొయ్యిలోంచి కొరివి తీసి చుట్ట ముట్టించి ఇచ్చే పని ఎనిమిదేళ్ల జయంతిది. తరవాత ముసలమ్మకు అంగిట్లో పుండు లేచింది. దీపం పట్టుకుని నోట్లోకి చూసేది కూడా జయంతే. ఆ పుండు చిల్లయింది. తాగిన గంజి ముక్కులోంచి వచ్చేసేది. కడుపు మాడి పోయింది మహాతల్లి. ఆ నిప్పు నేనిచ్చిందే అన్న మాట జయంతి కట్టుకున్న వాడికి కూడా చెప్పలేదు. స్టూడెంట్లకు స్లైడ్లు చూపిస్తూ "మా వైపు కొందరు ఆడవాళ్లు" అంటుందే గాని, మా అమ్మమ్మ అనదు.

ఇంట్లో ఇంకో మనిషి ఉంది. జయంతి తల్లి అప్పలనరసమ్మ. భర్త పోయాక కూతురి దగ్గరికి వచ్చి రెండేళ్లయింది. తానూ ఒకప్పుడు అడ్డపొగ తాగినదే గాని, పైడితల్లి శవం మీద చెయ్యేసి ఇక చుట్ట ముట్టనని ఒట్టేసింది. అమ్మ ఒట్టు మీద జయంతికి గట్టి నమ్మకం.

"మీ అమ్మమ్మే," అని తేల్చేసింది అప్పలనరసమ్మ. "పెద్దలికి ఎట్టడం మానీసినావు. దానికి నాలిక పీకీసి తిరుగుతంది. పెద్దలమాస నాడు కూడొండి, పక్కనో సుట్ట ఎట్టు. ఎలిపోద్ది."

చదువుకున్న బుర్ర ఒప్పుకోలేదు. కాని వాసన వదల్లేదు, కంటికి కునుకు రాలేదు. అక్టోబరులో ఆ పెద్దల అమావాస్య రోజున సెలవు పెట్టి, ఆసుపత్రి బ్యాడ్జీ బ్యాగులో దాచుకుని, దొంగలా డ్రగ్‌స్టోర్‌కి వెళ్లి లావుపాటి చుట్ట ఒకటి కొంది. "హస్బెండ్‌కా?" అని కౌంటర్ పిల్ల అడిగితే "మా గ్రాండ్‌మదర్‌కి" అని నోరు జారింది.

గరాజ్‌లో వాషింగ్ మెషీన్ పక్కన పీట వేసి అన్నం, ఎండుచేపల కూర పెట్టింది. పక్కన చుట్ట, అగ్గిపెట్టె. దండం పెడుతుంటే దుఃఖం పొంగుకొచ్చింది. "అమ్మమ్మా, నీకు నిప్పిచ్చింది నేనే. తప్పయింది. ఇది తాగి, నన్నొదిలేసి వెళ్లు."

పెద్దలు వచ్చి తిని వెళ్లాలంటే ఎవరూ చూడకూడదు. "నువ్వు వీధి గుమ్మంలో కూకో, నాను దేవుడి కాడుంటాను," అంది అప్పలనరసమ్మ. తలుపు దగ్గరగా వేసి జయంతి గంటసేపు బయట కూర్చుంది.

లోపలికి వెళ్లేసరికి అన్నం అలాగే ఉంది. అగ్గిపెట్టె లేదు. చుట్ట సగానికి పైగా కాలిపోయి ఉంది.

భయం, దాని వెనకే చెప్పలేని సంతోషం. అమ్మమ్మ వచ్చింది, తన చేతి చుట్ట తాగింది, క్షమించేసింది. ఏడుస్తూనే ఆ పీక చేతిలోకి తీసుకుంది. బూడిద కొస తడిగా ఉంది. వేళ్లకు వెచ్చగా ఉమ్మి అంటుకుంది.

చచ్చినవాళ్లకు ఉమ్మి ఎక్కడిది?

వంటింట్లో అప్పలనరసమ్మ నోరు పుక్కిలిస్తోంది. కూతురి చేతిలో పీక చూసి కొళాయి కట్టేసింది.

"ఒట్టు వారం రోజులే ఆగినాది," అంది మెల్లగా. "ఇన్నాళ్లూ పెరట్లో తాగీదాన్ని. ఈ ఏడు ఎండకి తాళలేక గరాజీలో దూరినాను. ట్రంకుపెట్టిలో తెచ్చుకున్న ఆకు మొన్నటితో అయిపోనాది."

"అందుకని చచ్చిపోయిన మనిషిని అడ్డం పెట్టుకున్నావా?"

"నన్ను కన్నదే కదా. ఏటీ అనుకోదు."

జయంతికి చెప్పలేనంత కోపం వచ్చింది. వాసన పట్టగలిగిన తను రెండేళ్లుగా అమ్మ ముఖంకేసి చూడనందుకు తన మీదా వచ్చింది. "నోరు తెరమ్మా," అంది.

"ఒద్దే. నువ్వు సూస్తే నిజమైపోద్ది."

జయంతి టార్చి తెచ్చింది. వేల నోళ్లు చూసిన చెయ్యి వణికి, వెలుగు గోడ మీద పడింది. అప్పలనరసమ్మే ఆ మణికట్టు పట్టుకుని నిలబెట్టి, తలెత్తి నోరు తెరిచింది.

అంగిలి తెల్లగా మందమెక్కి ఉంది. అక్కడక్కడ ఎర్రటి చుక్కలు. ఒక పక్కన పెసరబద్దంత పుండు.

"ఉందమ్మా," అంది జయంతి. "చిన్నదే. రేపు పొద్దున్నే నాతో ఆసుపత్రికి వస్తున్నావు."

"ఏ పక్క?"

"ఎడమ."

"మా అమ్మకీ అటే," అంది అప్పలనరసమ్మ. రొంటిన దోపుకున్న అగ్గిపెట్టె తీసి, చిన్నపిల్ల చేతిలో పెట్టినట్టు కూతురి చేతిలో పెట్టి వేళ్లు మూసింది.