రెండు చిలకల కాగితం వెనుక

నేను చదువు రానివాణ్ణి కాను. ముప్పై ఏళ్లు మానుకోట ప్రెస్సులో తెలుగు అక్షరాలు పేర్చినవాణ్ణి. ఉర్దూ మాత్రం ఒక్క ముక్క రాదు. రాదని ఊరుకోక ఉర్దూ కాగితాల మీద పెత్తనం చేశాను చూడండి, అదే ఒక ఆడమనిషి కొంప ముంచింది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నా మీద జాలి పడొద్దు.

పెళ్లిళ్లలో పంచే పద్యాల కాగితాలు పోగు చేయడం నా పిచ్చి. మావాళ్ల పెళ్లిళ్లలో ఆశీర్వాద పద్యాలు, తురకల నికాలలో సెహ్రాలు. సెహ్రా అంటే పెళ్లికొడుకును పొగిడే పాట. వాళ్ల నాయిన పేరు, అన్నదమ్ముల పేర్లు అన్నీ అందులో కూర్చి, చుట్టూ పూలో పిట్టలో అచ్చు వేయించి అందరికీ పంచేవాళ్లు. ఇప్పుడెవడు వేయిస్తున్నాడు? అంతా ఫోన్లోనే. చిత్తుకాగితాల కొట్ల చుట్టూ తిరిగి పద్దెనిమిది వందల కాగితాలు సంపాదించాను. మైదా ఉడికించిన లైలో మైలుతుత్తం కలిపి, పురుగు ముట్టకుండా పెద్ద పెద్ద పుస్తకాల్లో అతికించాను. ప్రతిదానికీ ఒక నంబరు. పట్టికలో పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, ఊరు. ఉర్దూవి చదవలేను కనుక వాటికి బొమ్మ పేరు రాసుకున్నాను. పల్లకి. గులాబీలు. రెండు చిలకలు. నా తెలివికి నేనే మురిసిపోయాను, సిగ్గులేనివాణ్ణి.

ఒక గురువారం పొద్దున కేసముద్రం నుంచి హసన్ బీ వచ్చింది. అరవై దాటిన మనిషి, మార్కెట్ యార్డులో గింజలు చెరిగి బతుకుతుంది. పక్కింటి పిల్ల సబాను తోడు తెచ్చుకుంది. సబా మసీదు పక్కన పిల్లలకు ఉర్దూ చెబుతుంది.

"అన్నా, మా ఆయన అబ్దుల్ గనీ పోయి ఆరు నెలలాయె. మా మరిది తౌఫీక్ నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొడుతున్నడు. మా అన్న నికా వేరే ఆమెతోని అయ్యింది, ఆమె పోయింది, గీమె ఎన్క వచ్చి చేరింది అంటున్నడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నలభై ఏండ్లు కాపురం చేసిన. నేను ఉంచుకున్నదాన్నా అన్నా?"

మిగతాది సబా చెప్పింది. నికా గార్లలో అయింది. చూసిన పెద్దవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఖాజీ రిజిస్టరు వానకు నాని ముద్దయింది. ఆధార్ కార్డు చూపిస్తే, నోటితో ఏది చెబితే అది రాస్తరు అని తౌఫీక్ కొట్టిపారేశాడు. రేపు జుమ్మా నమాజు తర్వాత మసీదు పెద్దలు తీర్పు చెబుతారట. పెళ్లినాటి కాగితం ఏదైనా సరే తెమ్మన్నారట.

"మా నికాకు సెహ్రా అచ్చేసిన్రు. రెండు చిలకలుంటయి," అంది హసన్ బీ.

"రెండు చిలకలా? ఉన్నయి చెల్లె, ఎందుకుండయి!" అని పట్టిక తెరిచాను. తీరా చూస్తే ముప్పై ఆరు ఉన్నాయి. అవి వేసిన ప్రెస్సువాడి దగ్గర ఉన్నది ఒక్కటే అచ్చు దిమ్మె. వచ్చిన ప్రతి నికాకూ అవే చిలకలు కొట్టాడు.

సబా ఒక్కొక్కటీ చదువుతూ కూర్చుంది. ఇరవై మూడోది అబ్దుల్ గనీది. "చిన్న తమ్ముడు తౌఫీక్ ఆనందంతో గంతులేస్తున్నాడని రాసిన్రు," అంది.

హసన్ బీ ఏడుస్తూనే నవ్వింది. "ఏడేండ్లు వానికి. నా కొంగు పట్టుకొని తిరిగేటోడు."

"ఖాలా, ఇండ్ల మీ పేరు లేదు."

"ఆడిపిల్ల పేరు ఎవ్వలు అచ్చేస్తరమ్మా? ఎనుకకు తిప్పు. రుఖ్సతీ ఉంటది, పిల్లను సాగనంపే పాట. అండ్ల మా అబ్బ పేరున్నది, మదార్ సాబ్ అని."

తిప్పడానికి వెనుక ఎక్కడుంది? బొమ్మ ఉన్న వైపే ముందు, బొమ్మ లేని వైపు వెనుక అనుకుని, అక్షరాల మీదే దట్టంగా లై పూసి అతికించింది నేనే. ముప్పై ఏళ్లు అచ్చులో బతికినవాణ్ణి, అచ్చు మీద లై పూశాను. థూ, నా బతుకు!

"నానబెడితే ఊడొస్తది. కానీ ముందే చెప్తున్న, పోతే రెండు దిక్కులా పోతది," అన్నాను.

"ఇప్పుడు మాత్రం నా దగ్గర ఏమున్నదన్నా?" అంది.

ఆ పేజీ కోసి, తాంబాళంలో గోరువెచ్చని నీళ్లు పోసి అందులో వేశాను. లై నానేదాకా ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. హసన్ బీ సన్నగా పాడటం మొదలుపెట్టింది. అది ఆ రుఖ్సతీయే. నాలుగు చరణాలు. ఎందుకైనా మంచిదని నేను తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. అప్పటికింకా కాగితం లేవలేదు, ఇది గుర్తుపెట్టుకోండి.

మధ్యాహ్నానికి అంచు లేచింది. ఊపిరి బిగబట్టి లాగాను. సబా తడి కాగితం మీదికి వంగి చదివింది. మొదటి చరణం నేను రాసుకున్నదే. రెండోదీ అదే. మూడోదీ అదే. నాలుగో చరణం ఉండాల్సిన చోట కాగితం పొర ఊడిపోయి, నా వేలికి నీలం ముద్దగా అంటుకుంది.

"మదార్ కే ఆంగన్ కీ మైనా చలీ," అంది హసన్ బీ మెల్లగా. మదార్ ముంగిట్లో మైనా వెళ్లిపోతోందని సబా అర్థం చెప్పింది. ఆ ముద్దను వేలి నుంచి కడుక్కోవడానికి నాకు చేతులు రాలేదు.

శుక్రవారం కేసముద్రంలో మసీదు పెద్ద ఖలీల్ సాబ్ ఇంటి వరండాలో కూర్చున్నాం. సబా చదివింది. ఖలీల్ సాబ్ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"పేరున్న కాడనే చినిగిందేందయ్యా?"

"వేరే పేరుండెనేమో. గందుకే చింపిన్రు," అన్నాడు తౌఫీక్.

నాకు తిక్క రేగింది. "నేను చింపిన! నా చేతులు ఇరగ! ఆమె పాట పాడినంకనే కాగితం నీళ్లలకెల్లి లేసింది. మూడు చరణాలు అక్షరం పొల్లు పోకుంట కలిసినయి. నాలుగోది అబద్ధం చెప్తదా?"

ఖలీల్ సాబ్ కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది. "నువ్వనేది నిజమే ఉండొచ్చు భిక్షపతీ. కానీ పాటలు ఆడోళ్లు ఒకరి నోట ఒకరు నేర్చుకుంటరు. కాగితం మీద పేరు కావాలె."

హసన్ బీ పెద్దలను బతిమాలలేదు. మరిది వైపు తిరిగి, "తౌఫీక్, ముందట నీ పేరున్నది, సూస్కో," అంది. వాడు తలెత్తలేదు. ఆదివారంలోగా ఆమె ఇల్లు ఖాళీ చేయాలని తీర్పు చెప్పారు.

హసన్ బీ బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. నేను పక్కన నిలబడ్డాను.

"అన్నా, నీ పట్టికల పెండ్లికూతురు పేరు రాసే జాగ ఉన్నదని సబా చెప్పింది."

ఉంది. నాలుగు వందల ఉర్దూ కాగితాలకూ ఆ జాగా ఖాళీయే. సంచిలోంచి పట్టిక తీసి, "రెండు చిలకలు" కొట్టేసి, ఆమె ముందే రాశాను.

"నాకు చదువు రాదు. చదివి చెప్పు."

"పెండ్లికూతురు హసన్ బీ. మదార్ సాబ్ బిడ్డ. ఊరు గార్ల. పెండ్లికొడుకు అబ్దుల్ గనీ."

కళ్లు మూసుకుని వింది. వెనక వరండాలో తౌఫీక్ చెప్పులు వేసుకుంటున్న చప్పుడవుతోంది.

"జర గట్టిగ చదువన్నా," అంది.

గట్టిగా చదివాను.