మహ్నూర్ సైకిల్ మీంచి పడలేదు

మహ్నూర్ ఓడ మీంచి పడింది. నిజం ఓడేం కాదు. బెర్లిన్ శివారు పార్కులో చెక్కతో, అట్టతో కట్టిన బోస్టన్ ఓడ. దాని పైనుంచి టీ పెట్టెలు కింద నీళ్లతొట్టిలోకి విసరాలి. రిహార్సల్లో ఆమె పెట్టె ఎత్తింది, కాలికింద పలక విరిగింది, తొట్టి పక్కన కాంక్రీటు నేలకి నడుం కొట్టుకునేలా పడింది.

పక్కనే ఉన్నాడు ప్రకాశం. ఆ పలక ఊగుతోందని వేషాలు కట్టే పిల్లలు కాంట్రాక్టరు జితేంద్రకి ఎన్నోసార్లు చెప్పారు. చూద్దాం లే అంటూ రోజులు గడిపాడాయన. ఇప్పుడు మాత్రం పరుగున వచ్చాడు. అంబులెన్స్ మాట ఎత్తలేదు.

"ప్రకాశమన్నా, ముందు ఆ వేషం కోటు తియ్యి. మామూలు బట్టలల్ల వోవాలె" అన్నాడు. తర్వాత పిల్ల మీదికి వంగి, "బిడ్డా, దవాఖానల సైకిల్ మీదికెల్లి పడ్డనని చెప్పు. షో పేరొస్తే నీ వీసాకే కష్టం. నేనున్న గద. మనోళ్లం మనం చూస్కుందాం" అన్నాడు.

మహ్నూర్ పళ్లు బిగబట్టి తలూపింది. టీషర్టు మీద తొడుక్కున్న ఆ బరువు కోటు బొత్తాల్ని ప్రకాశమే విప్పాడు. చెయ్యి లాగినప్పుడల్లా ఆమె "అమ్మీ" అని మూలిగింది. నడుం విరిగిన మనిషికి ముందు గుడ్డలు మార్చడం ఏం న్యాయమని చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరూ అడగలేదు. ప్రకాశమూ అడగలేదు. టాక్సీ వెళ్లిపోయాక రిహార్సల్ మళ్లీ మొదలైంది.

అమెరికా పుట్టి రెండువందల యాభై ఏళ్లయిందట. ఆ పండగని ఇక్కడొక ఈవెంట్ కంపెనీ టికెట్లు పెట్టి అమ్ముకుంటోంది. రాజు వేసిన పన్ను మీద టీ పెట్టెల తిరుగుబాటు, స్వాతంత్ర్య ప్రకటన, మంచులో వణికే సైనికులు, రాజ్యాంగం మీద సంతకాలు, మొదటి అధ్యక్షుడి ప్రమాణం, ఇలా ఒక దేశం ఎదిగిన తీరంతా శని, ఆదివారాల్లో చూపిస్తారు. వేషాలు కట్టేది మనవాళ్లు. హైదరాబాదు నుంచీ కోస్తా నుంచీ మాస్టర్స్ చదవడానికొచ్చిన పిల్లలు. వాళ్లకి గది చూపించిందీ, ఆన్‌మెల్డుంగ్ అనే చిరునామా నమోదు చేయించిందీ జితేంద్రే. విద్యార్థులకి ఏడాదికి ఇన్ని రోజులే పని చెయ్యాలని రూలుంటే, దాన్ని దాటించి పని చేయించిందీ ఆయనే. అందుకే ఆయన ముందు అందరి నోళ్లూ కట్టుబడ్డాయి.

ప్రకాశానిది వేరే సంగతి. పాలకొల్లు వైపు మనిషి. ఏలూరు దగ్గర జనపనార మిల్లులో పనిచేసేవాడు. అక్కడ సమ్మె చేశాడు, లాఠీలు తిన్నాడు. నాయకులు లోపలికెళ్లి టీ తాగి బయటికొచ్చేసరికి సమ్మె అయిపోయింది, కొన్నాళ్లకి మిల్లూ మూతపడింది. భార్య సంతోషకుమారి నర్సుగా ఇక్కడికొస్తే వెంట వచ్చాడు. వాళ్లు ఉంటున్న ఇల్లు జితేంద్ర పేరున ఉంది. ఈ ఊళ్లో ఇల్లు పోతే ఏమవుతుందో ఇల్లు వెతికినవాళ్లకి చెప్పక్కర్లేదు. షోలో అతనికి దక్కింది మాటల్లేని పాత్ర. ఒంటి రంగు చూసి ఇచ్చారు. దొరలు రాజ్యాంగం మీద సంతకాలు పెడుతుంటే పక్కన సిరాబుడ్డి పట్టుకుని నిలబడే బానిస.

సోమవారం క్లాసులయ్యాక హాస్టల్ వంటగదిలో అందరూ కూడారు. ప్రకాశం రానన్నాడు. మీటింగులంటే అతనికి ఒళ్లు మండుతుంది. కాకినాడ పిల్ల సూజీ చెయ్యిపట్టుకుని లాక్కొచ్చింది.

"నేను ఆస్పత్రికెళ్లొచ్చానండీ" అంది సూజీ. "వెన్నుపూస విరిగింది. పనిలో దెబ్బ తగిలిందని తెలిస్తే చికిత్స అంతా వేరేగా జరుగుద్దంట. మళ్లీ నడిచేదాకా వాళ్లే చూసుకుంటారు, నడవలేకపోతే జీవితాంతం చూస్తారు. ఇదేమో సైకిలని చెప్పింది. అతుకు పడగానే పంపించేస్తారు. చూసినవాళ్లొచ్చి చెబితే రాసింది మారుస్తానని డాక్టరు అన్నారు."

ఓ మూలనుంచి ఒక పిల్లవాడు, "చెప్తే మన పని రోజులు లెక్కతీస్తరు. అందరం ఫ్లైట్ ఎక్కుడే" అన్నాడు.

అతిఫ్ లేచాడు. టోలిచౌకి కుర్రాడు, కోపం ముక్కు మీదే ఉంటుంది. "రోజూ చేస్తలేమా ఆ సీను? టీ పారేసింది బోస్టనోళ్లు. ఇంగ్లండు రాజు మూసింది బోస్టన్ రేవు. మిగిలిన ఊర్లకేం నష్టం? మాకెందుకని ఊకుండచ్చు. ఊకున్నరా? ఒకలు బియ్యం వంపిన్రు. ఇంకొకలు గొర్లను తోల్కొని వచ్చిన్రు. దేశం గక్కడ అయింది భాయ్. సంతకాల కాడ కాదు."

"తర్వాతేమైందో అది కూడా చెప్పు" అన్నాడు ప్రకాశం. చెప్పకూడదనుకుంటూనే అన్నాడు. "యుద్ధం చేసింది రైతులు. గెలిచి ఇంటికొస్తే అప్పులకి పొలాలు వేలం. కోర్టుల ముందు కూర్చుని తలుపులు తెరవనివ్వలేదు వాళ్లు. మరి వాళ్ల మీదికి సైన్యాన్ని పంపిందెవరు? రాజు కాదయ్యా. కొత్తగా వచ్చిన మన దొరలే. ఆ సీన్లో నాకు నాలుగు మాటలుండేవి. పండగలో బాగోదని తీసేశారు. ఆ రైతుల్ని చూసి జడుసుకునే గదా గబగబా తలుపులేసుకుని రాజ్యాంగం రాసుకున్నారు. ప్రజలం, ప్రజలం అని రాసుకున్నారు. ఆ బల్ల పక్కనే ఉంటాను నేను. ఆ ప్రజల్లో నేను లేను బాబూ."

"హక్కులు రాస్తేనే ఒప్పుకుంటాం అని జనం పట్టుబట్టబట్టే గదండీ తర్వాత చేర్చారు?" అంది సూజీ.

"చేర్చారు. నా సంకెళ్లు తెగడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది."

"గా డెబ్బై ఏండ్లు సంకెళ్లున్నోళ్లు ఊకున్నరా అన్నా?" అన్నాడు అతిఫ్.

అలిసిపోయాను, నన్నొదిలెయ్యండి అని ప్రకాశం లేచి వెళ్లిపోయాడు. అతని వెనక మాట తెగలేదు. సగంమంది ఇటు, సగంమంది అటు. చివరికి ఒక్కదానికి మాత్రం అందరూ ఒప్పుకున్నారు: శనివారం షో లోపల జరిగింది జరిగినట్టు జితేంద్రే రాసివ్వాలి.

శనివారం వచ్చింది. కుర్చీలు నిండాయి. జితేంద్ర రాసివ్వలేదు. సీజన్ అయినాక చూద్దాం అన్నాడు. అతిఫ్, ఇంకో నలుగురూ వేషాలతోనే ఓడ కింద కూర్చుండిపోయారు. మిగతావాళ్లు వాళ్లవైపు, జితేంద్ర వైపు చూస్తూ నిలబడ్డారు. అప్పుడు జితేంద్ర వాళ్ల మామూలు బట్టలూ ఫోన్లూ ఉన్న కంటైనర్‌కి తాళం వేశాడు. షో అయితేనే తీస్తానన్నాడు. ఆ తర్వాత ప్రకాశం దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"పెద్దోనివి అన్నా. నీ మాట ఇంటరు. నువ్వు పక్కనే ఉన్నవు గద. ఆ పిల్ల ఇంటికి వోయేటప్పుడు సైకిల్ మీదికెల్లి పడ్డదని నువ్వంటె, వీళ్లు గూడ గదే మాటంటరు. ఇల్లు గిట్ల నేను చూస్కుంట."

అందరూ ప్రకాశం మొహంలోకి చూశారు. అతనికి కాళ్లు పీకుతున్నాయి. ఇంటికెళ్లి పడుకోవాలనుంది. ఔనంటే సరిపోతుంది, ఒక్క మాట. ఆ మాట కోసం నోరు తెరిస్తే "అమ్మీ" అన్న మూలుగు చెవిలో పడింది. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది.

"కోటు విప్పింది నేనే గదయ్యా" అన్నాడు. "సైకిల్ మీద పోయే పిల్ల ఒంటిమీద ఆ కోటు ఎందుకుంటుంది? ఓడ మీంచి పడింది. నేను చూశాను. నువ్వూ చూశావు. వీళ్లంతా చూశారు."

సిరాబుడ్డి బల్ల మీద పెట్టి గేటు వైపు నడిచాడు. గట్టిగా ఏమీ అనలేదు, రమ్మని ఎవర్నీ పిలవలేదు. వెనక అడుగుల చప్పుడు వినపడి తిరిగి చూస్తే ఓడ కింద కూర్చున్నవాళ్లే కాదు, నిలబడినవాళ్లూ వస్తున్నారు. జితేంద్ర పోలీసుల్ని పిలుస్తానని అరుస్తున్నాడు. పిలవమన్నాడు అతిఫ్, వాళ్లకీ ఇదే చెబుతామన్నాడు.

ఎస్‌-బాన్ రైల్లో తెల్లవిగ్గుల దొరలు, చిరుగుల సైనికులు, ఒక బానిస కడ్డీలు పట్టుకుని నిలబడ్డారు. ఎదుటి సీట్లో చిన్నపాప వాళ్ల అమ్మని జర్మన్‌లో ఏదో అడిగి పకపకా నవ్వింది. టికెట్లు ఫోన్లలో, ఫోన్లు కంటైనర్లో. చెకింగ్‌వాడు ఎక్కకపోవడం ఆ పూట వాళ్ల అదృష్టం.

ఆస్పత్రి మంచం మీద మహ్నూర్ వాళ్లని చూసి మొదట నవ్వింది, తర్వాత భయపడింది. "ఎందుకొచ్చిన్రు? నా ఒక్కదానికోసం మీ అందరి వీసాలు పోతయ్" అంది.

"పోతే పోనీ అనే ధైర్యం మాకూ లేదే" అంది సూజీ. "కానీ నువ్విట్టా పడుంటే మేం అక్కడ పెట్టెలు విసరలేకపోతున్నాం."

డాక్టరమ్మ వచ్చింది. ఎక్కడ పడిందో, ఎలా పడిందో అడిగింది. ప్రకాశం చెబుతుంటే సూజీ జర్మన్‌లోకి మార్చింది. పలక సంగతి, కోటు సంగతి, టాక్సీ సంగతి, ఏదీ దాచలేదు. డాక్టరమ్మ రాసుకుని, చూసిన మనిషి పేరు ఒకటి చాలంది. ప్రకాశం తన పేరు చెప్పాడు.

అతను పక్కకి తప్పుకోగానే అతిఫ్ ముందుకొచ్చి తన పేరు చెప్పాడు. తర్వాత సూజీ చెప్పింది. ఆ వెనక సోమవారం ఫ్లైట్ గురించి భయపడిన పిల్లవాడు నిలబడ్డాడు. ఒకటి చాలన్నాను కదా అంది డాక్టరమ్మ.

"మాకు చాలదండీ" అంది సూజీ. "ఒక్క పేరైతే ఆ ఒక్కర్నే పట్టుకుంటారు."

డాక్టరమ్మ తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది. వరస తలుపు దాటి వరండాలోకి వెళ్లింది.

ప్రకాశం వరండాలో కుర్చీ మీద కూలబడ్డాడు. మిల్లు గేటు దగ్గర కూర్చున్న రోజుల్లో ఇంత అలసట ఉండేది కాదు. గెలిచామనీ అనిపించలేదు. అమెరికాలో గెలిచిన రైతులకి ఏమైందో అతనికి తెలుసు. అతిఫ్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, రేపు ఇల్లు ఖాళీ చెయ్యమంటడు వాడు."

"అంటాడు. సామాను మెట్లమీద పడేయిస్తాడు" అన్నాడు ప్రకాశం. కళ్లు మూసుకునే అన్నాడు. "పొద్దున్నే రండి. అందరూ రండి. వాడు బయట పెట్టిందల్లా తిరిగి లోపల పెట్టాలి, దానికి మనుషులు కావాలి."