సున్నం కొట్టిన రాళ్లు

ప్రసవాల గదిలో గచ్చు మీది నెత్తురు గడ్డలను గుడ్డతో లాగి, హమీదున్నీసా బకెట్లో పిండింది. క్లోరిన్ ఘాటుకు కళ్లు మండాయి. సౌదీలో, హుఫూఫ్‌లోని ఈ ఆసుపత్రికి కడప నుంచి వచ్చి పదేళ్లు దాటింది. అరచేతుల పగుళ్లలో నలుపు పట్టింది. ఇన్నేళ్లలో ఏ వాసనకూ ఆమెకు వాంతి రాలేదు.

సూపర్‌వైజర్ నాగేందర్ తలుపు దగ్గర ఆగాడు.

“హమీదమ్మా, జర రా. కువైట్ లడాయప్పుడు ఈడ ఐర్లండ్ నర్సు ఉండె గదా, ఆమె తమ్ముడొచ్చిండు. ఆమె కొడుకు గోరీ సూపెట్టాల్నట. అప్పటోళ్లల్ల నువ్వొక్కదానివే మిగిలినవ్.”

“గోరీ యాడుంది?”

“మేనేజర్ పెట్టిచ్చిండు. గోడ ఎనుక.” నాగేందర్ తల దించుకున్నాడు. “అవునని తలూపు సాలు. ఫోటో దిగి పోతడు.”

చెత్తడబ్బాల పక్కన రాళ్లు కుప్ప పోసి సున్నం కొట్టారు. ఇంకా తడారలేదు. వాటి ముందు ఆ నర్సు తమ్ముడు డెర్మట్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అతను రియాద్‌లో ఇంజినీరు. తన వంశంలో ప్రతి తరం పేర్లూ ఊరి చర్చిలో వెతికి రాసుకున్నాడట. పోయిన ఏడాది అక్క చనిపోతూ, పెళ్లికాకుండా ఇక్కడ కన్న బిడ్డ సంగతి చెప్పింది. ఆసుపత్రివాళ్లు మగపిల్లాడని, పోయాడని చెప్పి, మొహమైనా చూపించకుండా ఆమెను విమానం ఎక్కించారట.

అతను ఆ రాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. సున్నం ప్యాంటుకంటింది. హమీదున్నీసా తల అడ్డంగా ఊపింది.

“ఈడ ఎవురూ లేరు సార్,” అంది, ఇద్దరికీ తెలిసిన వచ్చీరాని అరబీలో. “మగపిల్లోడు కాదు. ఆడపిల్ల. ఎర్ర జుట్టు.”

“అమ్మా!” అన్నాడు నాగేందర్.

ఆమె ఆగలేదు. సైరన్లు మోగుతున్న ఆ రోజు బిడ్డ మధ్యాహ్నం జొహర్ నమాజు వేళ పుట్టి, పొద్దు వాలే అసర్ వేళకు పోయింది. తానే స్నానం చేయించి, గుడ్డ చుట్టి, పైన కప్పేందుకు మరో గుడ్డ కోసం వెళ్లింది. తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ. మాయలు, నెత్తుటి దూది నింపిన సంచులతో చెత్తబండి గేటు దాటుతోంది. వెనక పరిగెత్తితే కావలివాడు రెక్క పట్టి ఈడ్చాడు.

డెర్మట్ పక్కకు తిరిగి కక్కుకున్నాడు. ఆమె కొంగుతో అతని నోరు తుడవబోయి ఆగి, నీళ్లు తెచ్చి ఇచ్చింది.

నీళ్లు తాగి అడిగాడు: “ఎవరైనా పేరు పెట్టారా?”

“నీళ్లు పోసేటప్పుడు నేనే పిలిచినా. సురయ్యా అని.”

అతను అక్షరం అక్షరం పలికించుకుని రాసుకున్నాడు.

ఆ వారమే ఆమె పాస్‌పోర్టు మీద దేశం విడిచి పొమ్మనే ఖురూజ్ ముద్ర పడింది. ఇక తిరిగి రావడం లేదు. నాగేందర్ పెట్టె మోసి బస్సులో పెట్టాడు.

సాయంత్రానికి ఆమె మంచం మరొకరికిచ్చారు. కిటికీ గట్టు మీద, గోరింటాకుకు ఎర్రబడిన నెరిసిన వెంట్రుకలు రెండు చిక్కుకున్న ఆమె దువ్వెన మిగిలిపోయింది.