మొదటి ముద్ద

కుళ్లాయప్ప ఇంట్లో మొదటి ముద్ద ఆయన తినడు. అక్క ఓబులమ్మ తిని, నీళ్లు తాగి, ఆయన కళ్ల ముందు కాసేపు కూర్చోవాలి. ఆ తర్వాతే ఆయన కంచంలో చెయ్యి పెడతాడు. జమ్మలమడుగు పక్క పల్లెలో పార్టీని నిలబెట్టుకొచ్చిన మనిషి, అవతలివాళ్లు కూట్లో విషం కలపకుండా ఆ మాత్రం జాగ్రత్త పడకుంటే ఎట్లా?

అట్లాంటిది, ఎలక్షన్లు దగ్గర పడేసరికి ఆయన నోరంతా తెల్లగా పూసింది. మజ్జిగ కూడా గొంతు దిగదు. అనుమానం నేరుగా అక్క మీదికే పోయింది. మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషి. ఆమె మరిది ఈ మధ్యే అవతలి పార్టీ కండువా కప్పుకున్నాడు. ఆమె ముందే విరుగుడు మింగి తనకు మందు పెడుతోందని కుళ్లాయప్ప గట్టిగా నమ్మాడు.

"ఊ అను మామా. ఆయమ్మను మరిది ఇంటికని తోల్కపోతాం. దావలో ఏమన్నా అయితే వాళ్ల మీదికే పోతాది," అన్నాడు ఆయన మనిషి మునెయ్య.

కుళ్లాయప్ప ఊ అనలేదు, వద్దనీ అనలేదు. ముందు ప్రొద్దుటూరులో చూపించుకుని, విషమని తేలాక చూద్దామన్నాడు. తలుపు వెనక ఓబులమ్మ అంతా విన్నది.

డాక్టర్ అలీ అహ్మద్ టార్చి వేసి నోరంతా చూశాడు. "విషం కాదు, బూజు. ఊరగాయ మీద పడతాదే, అట్లాంటిదే. ఏం మాత్రలు మింగుతాండావప్పా?"

కుళ్లాయప్ప జేబులోంచి మాత్రలు తీశాడు. ఉబ్బసానికని ఎవరో డాక్టరు కొద్దిరోజులకు రాసిచ్చినవి. ఆయాసం పోయింది, ఆకలి పుట్టింది, మొహం నిండుగా వచ్చింది. మామ తేరుకున్నాడని ఊరంతా అనేసరికి ఇక మానలేదు. పులివెందులలో తమ పార్టీవాడి మందుల షాపు నుంచి వచ్చేవి కాబట్టి వీటి మీద ఏనాడూ అనుమానం రాలేదు.

"ఇవి స్టెరాయిడ్లు. ఇన్నాళ్లు మింగితే ఒంట్లో రోగాన్ని ఆపే కాపలా పడుకుంటాది, బూజు దూరతాది. అట్లని ఒక్కసారే మానేస్తే ప్రాణం మీదికొస్తాది. బూజుకు మందు రాస్తా. వీటిని నేను చెప్పినట్ల మెల్లగా తగ్గించాల."

"మరి నాకు మందు పెట్టిందెవరు?"

"నీ చెయ్యేనప్పా."

దారి పొడుగునా కుళ్లాయప్పకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంటికొచ్చేసరికి ఓబులమ్మ మెత్తగా కలిపిన పెరుగన్నం ముందు పెట్టి, మొదటి ముద్ద తీసింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దులే అక్కా. విషం కాదంట. నాకు నీ మీద నమ్మకమే."

ఓబులమ్మ చెయ్యి విడిపించుకుంది. "నీకోసం కాదురా. రేపు నీకు దగ్గొచ్చినా మీరు నా తట్టే చూస్తారు."

గడపలో నిలబడ్డ మునెయ్యకు కనబడేలా ముద్ద నోట్లో పెట్టుకుని, నీళ్లు తాగి, ఆమె ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుంది.