ఇప్పచెట్టుకు కొట్టిన బోర్డు

బస్తరు రాజుగారి కాలంలో, తర్లగూడ దగ్గరి అడవి చూసే అధికారిగారికి ఉన్నట్టుండి ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. ఎండాకాలంలో ఒక తెల్లదొర వచ్చి గుట్ట మీదికి కాలిబాటన నడుస్తాడని కబురు అందిన రోజునే పుట్టింది. బాట పొడవునా బోర్డులు పెట్టించారు. నెమలి అందమైనది, చీమ కష్టజీవి, నీరు ప్రాణాధారం. హిందీలో, తెలుగులో, ఇంగ్లీషులో రాయించారు. ఆ బాటన నడిచే దోర్ల తెగవాళ్లకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు.

ఒక బోర్డును లక్కే అనే దోర్ల ఆడమనిషి వాళ్ల ఇప్పచెట్టుకు కొట్టారు. ఆమె అత్త కాలం నుంచి ఆ చెట్టు పువ్వు వాళ్లే ఏరుకుంటారు. ఎండబెట్టి దాచుకుంటే వానాకాలమంతా అదే తిండి. ఆ ఏడు పంట కూడా పోయింది. తెల్లవారుతుండగా బుట్టతో వచ్చిన ఆమెను గార్డు శ్రీరంగం ఆపి బోర్డు చదివి వినిపించాడు. ఇప్పపువ్వు అడవి జంతువుల ఆహారం, మనుషులు ముట్టరాదు.

"మరి మేమేం తినాలె అయ్యా?" అంది లక్కే.

"అది ఇందుల రాయలే," అన్నాడు శ్రీరంగం. ఎకసెక్కానికి అనలేదు, పాపం, మళ్లీ చదివి చూసే అన్నాడు.

ఏరేవాళ్లు లేక చెట్టు కింద పువ్వు పరుచుకుపోయింది. దానికోసం ఎలుగుబంటి రావడం మొదలుపెట్టింది. దొరగారు నడకకు వచ్చిన పొద్దున కూడా అది కడుపునిండా తింటూ కనిపించింది. దొరగారు తుపాకీ పేల్చారు. బోర్డు పక్కనే కళేబరం మీద కాలు పెట్టి ఫోటో తీయించుకున్నారు. జంతువులను ఇంత బాగా కాపాడుతున్నందుకు అధికారిగారిని మెచ్చుకుని వెళ్లారు.

అధికారిగారికి సంతోషంతోపాటు భయమూ పట్టుకుంది. ఈసారి ఇంకో ఎలుగు వచ్చి, అదే ముందు దొర మీద పడితే? ఎలుగు వచ్చేది పువ్వుకు, పువ్వు పూసేది చెట్టు. చదువుకున్న బుర్ర కదా, ఎక్కడ నరకాలో తెలిసిపోయింది. మధ్యాహ్నానికి చెట్టు బాటకు అడ్డంగా నేలకూలింది. చెప్పాలంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

లక్కే కొమ్మల మధ్య కూర్చుని దొరికినంత దూసుకుంటోంది. సగానికి పైగా మొగ్గలే. శ్రీరంగం ఆపలేదు. అతనికి సిగ్గేసింది.

"ఇయ్యి తిండికి పనికిరావు అయ్యా," అంది లక్కే, తలెత్తకుండానే. "వానాకాలం నా పిల్లలు ఎట్ల బతుకుతరు?"

అంతలో అధికారిగారు గుర్రం మీద అటు వచ్చారు. బాట మీది చెత్త ఎత్తుతున్న ఆడమనిషిని చూసి చాలా ముచ్చటపడ్డారు. వీళ్లకు కూడా మెల్లగా బుద్ధి వస్తోందని శ్రీరంగంతో చెప్పి, గుర్రాన్ని ముందుకు పోనిచ్చారు.